డైట్‌లో ఏం తీసేశారు, ఆ చోట ఏం పెట్టారు? కఠిన ఆహార నియమాలపై సమగ్ర మార్గదర్శి

పొద్దున ఆరింటికి హైదరాబాద్ కేబీఆర్ పార్కు దగ్గర నడిచేవాళ్ల మాటలు చెవిన వేసుకుంటే సగం డైట్ గురించే ఉంటాయి. ఒకాయన అన్నం ముట్టి మూడు నెలలైందంటాడు. ఇంకొకావిడ ఉప్పు మానేసింది. వాళ్లమ్మాయిది మాదాపూర్‌లో ఉద్యోగం, మధ్యాహ్నం ఒంటిగంట దాకా బ్లాక్ కాఫీ తప్ప ఏమీ తీసుకోదట. పక్కాయన ఇంట్లోకి కొర్రలు, అరికెలు తప్ప వేరే గింజ రాదు. కొబ్బరినూనె తాగి బరువు తగ్గినవాళ్లు, తగ్గి మళ్లీ పెరిగినవాళ్లు మన చుట్టాల్లో ఒక్కరైనా ఉంటారు.

ఈ పద్ధతుల పేర్లు వేరైనా అన్నీ చేసే పని ఒకటే, ఏదో ఒకటి తీసేయడం. ధాన్యమో, ఉప్పో, నూనో, పాలో, ఒక పూట భోజనమో. తీసేస్తే మొదట్లో ఫలితం కనిపిస్తుంది, అందులో అబద్ధం లేదు. అయితే ఆ పదార్థంతోపాటు దాని ద్వారా ఒంటికి అందుతున్నది కూడా పోతుంది. అందుకే ‘ఎన్ని కిలోలు తగ్గుతాను’ అని అడిగే ముందు ‘తీసేసిన చోట ఏం పెడుతున్నాను’ అని అడగాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ముందు, ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం

మొదటి వారంలో తగ్గే రెండు మూడు కిలోలు చూసి పొంగిపోనక్కర్లేదు. మన కాలేయం, కండరాలు పిండి పదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో మూడు గ్రాముల దాకా నీరు కూడా నిల్వ ఉంటుంది. అన్నం, రొట్టె మానేయగానే ఆ నిల్వ కరిగి, నీరు మూత్రంలో పోతుంది. తూకం తగ్గుతుంది, కొవ్వు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. మళ్లీ ఒక పెళ్లిభోజనం చేయగానే ‘రెండు కిలోలు పెరిగాను’ అని టెన్షన్ పడేదీ ఈ నీటి గురించే.

ఆ తర్వాత అసలు కథ మొదలవుతుంది. తిండి బాగా తగ్గిస్తే శరీరం దాన్ని కరువుగానే చూస్తుంది. దీన్ని దగ్గరగా చూసిన ప్రయోగం ఒకటుంది. 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు సగం తిండే పెట్టాడు. రోజుకు దాదాపు 1,570 కేలరీలు, దానికి తోడు రోజూ నడక. వాళ్ల బరువు పావు వంతు తగ్గింది. ఎండాకాలంలోనూ చలి వేసేది. గుండె నెమ్మదించింది, జుట్టు రాలింది, మాటకు ముందు చిరాకు వచ్చింది. అన్నిటికన్నా ఆలోచించాల్సింది వాళ్ల మనసుల్లో వచ్చిన మార్పు. పొద్దస్తమానం తిండి గురించే మాట్లాడేవాళ్లు, వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవాళ్లు, కంచాలు నాకేవాళ్లు. ప్రయోగం ముగిశాక కడుపు నిండినా ఆకలి తీరని స్థితి కొందరిలో నెలల తరబడి సాగింది. వాట్సాప్‌లో తిరిగే చాలా డైట్ చార్టుల లెక్క వేస్తే రోజుకు 800, 1,000 కేలరీలు కూడా ఉండవు. అవి పాటిస్తూ రాత్రి పదింటికి ఫ్రిజ్ ముందు నిలబడేవాళ్లు ‘నాకు మనోబలం లేదు’ అని తమను తాము తిట్టుకుంటారు. అది మనోబలానికి సంబంధించిన విషయమే కాదు.

ఇంకొకటి, కేలరీల ఖర్చు. బరువు తగ్గినప్పుడు ఒళ్లు తక్కువ ఖర్చు చేయడం మామూలే. కానీ త్వరగా, ఎక్కువగా తగ్గితే ఉండాల్సిన దానికన్నా ఇంకా తక్కువకు పడిపోవచ్చు. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది. విశ్రాంతిలో వాళ్ల ఒంటి ఖర్చు, అంత బరువున్నవాళ్లకు ఉండాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. అప్పటికి చాలామంది తగ్గిన బరువులో ఎక్కువ భాగం తిరిగి పెరిగారు కూడా.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. డైట్ మొదలైన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలుతుంది. అప్పటికి డైట్ మానేసి ఉంటే దానికీ దీనికీ సంబంధం ఉందని కూడా తట్టదు. ఆడవాళ్లకు నెలసరి గాడి తప్పుతుంది లేదా ఆగిపోతుంది, అది ఎక్కువ కాలం సాగితే ఎముకలు పలచబడతాయి. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. కొవ్వు బొత్తిగా తినకపోతే పిత్తాశయం సరిగ్గా ముడుచుకోదు, అదొక కారణం.

అడుగు 1: ఇది వైద్యమా, సొంత నిర్ణయమా?

కొన్ని కోతలు వైద్యంలో భాగం. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు గోధుమ, బార్లీ జీవితాంతం మానాలి. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు కీటో ఆహారం, అంటే పిండి పదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా పెట్టే తిండి ఇస్తారు. ఆ పద్ధతి 1920ల నుంచీ ఉంది, నిజానికి కీటో పుట్టిందే అందుకు. కిడ్నీ జబ్బులో పొటాషియం, మాంసకృత్తులు కొలిచి ఇస్తారు. ఇవన్నీ డాక్టరు, డైటీషియన్ పర్యవేక్షణలో నడిచేవి.

సొంత నిర్ణయమైతే, ఎందుకు మొదలుపెడుతున్నారో ఒక కాగితం మీద రాయండి. బరువు కోసమా, షుగర్ కోసమా, గ్యాస్ కోసమా, కజిన్ తగ్గిందనా? కారణాన్ని బట్టి దారి మారుతుంది. ఉదాహరణకు, గోధుమ పడట్లేదని అనుమానం ఉంటే మానేయకముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. ‘ముందు మానేసి చూద్దాం’ అన్న మన సహజ ధోరణి ఇక్కడ ఎదురు తంతుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, ఇప్పటికే బక్కగా ఉన్నవాళ్లు, టైప్ 1 డయాబెటిస్, కిడ్నీ, కాలేయ సమస్యలున్నవాళ్లు, గతంలో తిండికి సంబంధించిన మానసిక రుగ్మత ఎదుర్కొన్నవాళ్లు ఏ కఠిన డైట్‌నూ తమంతట తాము మొదలుపెట్టకూడదు. అరవై దాటినవాళ్లకు ఒక మాట. ఆ వయసులో పోయిన కండ తిరిగి రావడం కష్టం, కాబట్టి పొట్ట తగ్గించాలని పూటలు మానేయకండి.

అడుగు 2: మందుల డబ్బా ముందు పెట్టుకోండి

మన ఊళ్లో షుగరు, బీపీ మాత్రలు లేని ఇల్లు వెతకాల్సిందే. ప్రమాదం ఎక్కువగా వచ్చేది ఇక్కడే. తిండి మారింది, మాత్ర మారలేదు.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఒక్కసారిగా అన్నం మానేసినా, పూట ఎగ్గొట్టినా షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం దాని లక్షణాలు. ఓఆర్ఆర్ మీద కారు నడుపుతుండగా ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. షుగర్‌కే ఇచ్చే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతూ పిండి పదార్థం పూర్తిగా ఆపేస్తే ఇంకో చిక్కు. రక్తంలో ఆమ్లాలు పేరుకుంటాయి కానీ గ్లూకోమీటర్‌లో అంకె మామూలుగానే కనిపించవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ‘షుగర్ బాగానే ఉందిగా’ అని ఇంట్లో కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ మాత్ర వాడుతున్నారో చెప్పాలి.

బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడుతూ ఉప్పు పూర్తిగా మానేస్తే, ముఖ్యంగా పెద్దవాళ్లలో, సోడియం పడిపోతుంది. మే నెల ఎండల్లో చెమట దానికి తోడు. తాతయ్య ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, తూలి పడటం వయసు వల్ల అనుకుంటారు, రక్తపరీక్షలో సోడియం తక్కువని తేలుతుంది. ‘లో సోడియం’ ఉప్పులో సోడియం బదులు కొంత పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లు దాన్ని డాక్టరును అడగకుండా వాడొద్దు.

ఏ డైట్ మొదలుపెట్టాలన్నా కనీసం వారం ముందు మీ డాక్టరుకు ‘ఫలానాది మానేస్తున్నాను, డోసు మార్చాలా’ అని ఒక్క మాట అడగండి. మాత్రలు మీరే ఆపేయడం ఇంకా పెద్ద తప్పు.

అడుగు 3: మొదలుపెట్టే ముందు ఒక రక్తపరీక్ష

అమీర్‌పేట డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే డెబ్బై ఎనభై పరీక్షల ప్యాకేజీ అక్కర్లేదు. హిమోగ్లోబిన్ సహా రక్తకణాల లెక్క చూసే సీబీపీ, ఐరన్ నిల్వ చూపే ఫెర్రిటిన్, బి12, విటమిన్ డి, థైరాయిడ్, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్ చాలు. కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి ఎంచుకుంటే మూడు నెలలకు కొలెస్ట్రాల్ మళ్లీ చూడాలి. కొందరికి చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, కొందరికి పెరగదు. ఎవరికన్నది ముందే చెప్పలేం.

ఒక చిన్న విషయం. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబ్‌లో చెప్పండి. ఆ మాత్ర థైరాయిడ్ పరీక్ష అంకెల్ని తారుమారు చేస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు.

అడుగు 4: తీసేసే ప్రతిదానికీ ఎదురుగా బదులు రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. నోట్‌బుక్‌లో ఒక పేజీకి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మానేసేది, కుడివైపు దాని స్థానంలో వచ్చేది. కుడివైపు ఖాళీగా ఉంటే ఆ వరుస కొట్టేయండి.

అన్నం మానేస్తున్నారా? అన్నంతో పోయేది శక్తి ఒక్కటే అనుకుంటాం. మన ఇళ్లలో అన్నం పోతే దానితో కలిపే పప్పు, సాంబారు, పెరుగు కూడా పోతాయి. మాదాపూర్‌లో పీజీలో ఉండే పాతికేళ్ల అమ్మాయి ఒక రోజు తిండి ఇలా ఉందనుకుందాం. పొద్దున గ్రీన్ టీ, పదకొండింటికి ఒక యాపిల్, మధ్యాహ్నం కీరా, క్యారెట్ ముక్కలతో గ్లాసు మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలు, కాస్త బెండకాయ కూర. మాంసకృత్తుల లెక్క కడితే పదిహేను గ్రాములు దాటవు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్కల ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. అంటే అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. ఆ అమ్మాయికి నెల తర్వాత మెట్లెక్కితే కాళ్లు పీకడం, గోళ్లు విరగడం మొదలైతే ఆశ్చర్యం లేదు.

అదే అమ్మాయి అన్నం కాస్త తగ్గించి ఇలా తింటే? పొద్దున రెండు పెసరట్లు, అంటే అరవై గ్రాముల పెసల నుంచి పద్నాలుగు గ్రాములు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నంతో నాలుగు, గట్టి పప్పు ఒక గిన్నెతో ఆరేడు, కప్పు పెరుగుతో ఐదు. సాయంత్రం గుప్పెడు ఉడికించిన పల్లీలతో ఏడు. రాత్రి రెండు జొన్నరొట్టెలతో ఆరు, ఒక గుడ్డుతో ఆరు. లెక్క దాదాపు యాభైకి చేరిపోయింది, కడుపూ నిండింది. పీజీలో వంట లేదంటారా, కర్రీ పాయింట్ సందు చివరే ఉంటుంది. అక్కడి పప్పు పలచగా ఉంటుంది కాబట్టి ఒకటికి రెండు ప్యాకెట్లు తీసుకోండి. నూనె తేలే వేపుడు బదులు ఆకుకూర పప్పు, శనగల కూర, గుడ్డు కూర అడగండి. ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టుకోవడం మన పీజీ పిల్లలకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

సిరిధాన్యాలకు మారుతున్నారా? మంచి మార్పే, పీచు బాగా పెరుగుతుంది. కానీ వంద గ్రాముల కొర్రల్లో ఉన్న శక్తి, వంద గ్రాముల బియ్యంలో ఉన్న శక్తి దాదాపు ఒకటే. కొర్రన్నం కదా అని రెండింతలు తింటే బరువు తగ్గదు. ఒకేసారి మారితే కడుపుబ్బరం వస్తుంది, వారానికి రెండు పూటలతో మొదలుపెట్టండి. రాగులు కాల్షియానికి మంచి ఆధారం, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటూగా ఉంటుంది. ‘ఈ ధాన్యం తింటే క్యాన్సర్ పోతుంది, కిడ్నీ బాగవుతుంది’ అని వీడియోలో వింటే ఆ వీడియో అక్కడితో ఆపేయండి.

ఉప్పు మానేస్తున్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు ఐదు గ్రాములలోపు ఉప్పు చాలంటుంది. అది సుమారు ఒక టీస్పూను. మన ఆవకాయ, అప్పడం, సాంబారు, చిప్స్ కలిస్తే అది దాటిపోవడం తేలిక. కాబట్టి తగ్గించడం మంచిదే. పూర్తిగా మానేస్తే సోడియంతోపాటు అయోడిన్ కూడా పోతుంది, మనకు అది ఎక్కువగా అందేది ఉప్పుతోనే. సైంధవ లవణం, పింక్ సాల్ట్‌కు మారిన ఇళ్లలోనూ ఇదే సమస్య, వాటిలో చాలావరకు అయోడిన్ కలపరు. పచ్చళ్లు, అప్పడాలు తగ్గించి, కూరలో మామూలు అయోడైజ్డ్ ఉప్పే కొద్దిగా వేసుకోండి. నిమ్మరసం, చింతపండు, అల్లం, మిరియాలు ఆ లోటు నాలుకకు తెలియనివ్వవు.

మాంసం, గుడ్లు, పాలు అన్నీ మానేసి వీగన్ అయితే బి12 మాత్ర తప్పదు. మొక్కల ఆహారంలో నమ్మదగిన బి12 లేదు. కాలేయంలో దాచిన నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది కాబట్టి లోటు ఆలస్యంగా బయటపడుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నాలుక మంట కనిపించేసరికి నరాలు దెబ్బతిని ఉండొచ్చు. పాలు, పెరుగు తినే శాకాహారుల్లోనూ ఈ లోటు మన దగ్గర చాలా మామూలు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడే శాకాహారులు ఏడాదికోసారి బి12 తప్పక చూపించుకోవాలి, ఆ మాత్ర కూడా బి12ను తగ్గిస్తుంది.

పాలు పడవని మానేస్తే పెరుగు పడుతుందేమో ముందు చూడండి, చాలామందికి పడుతుంది. అదీ కాదంటే రాగులు, నువ్వులు, తోటకూర, మునగాకు పట్టికలో కుడివైపుకు రావాలి.

నూనె పూర్తిగా మానేయమనే పద్ధతి నాకు అసలు నచ్చదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. నూనె కొలవడం మాత్రం అందరూ చేయాల్సిన పని. ఒక మనిషికి రోజుకు 25-30 గ్రాములు లెక్క వేసుకుంటే, నలుగురున్న ఇంట్లో నెలకు సుమారు మూడున్నర, నాలుగు లీటర్లు. మీ కిరాణా బిల్లు తీసి చూడండి. ఐదు, ఆరు లీటర్లు వస్తుంటే అన్నం మీద కోపం చూపించి లాభం లేదు.

అడుగు 5: కోతకు ఒక హద్దు పెట్టండి

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2024లో భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు ప్రకటించాయి. అందులో కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటారు. బరువు తగ్గాలంటే వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమమని, రోజుకు వెయ్యి కేలరీల కన్నా తక్కువ ఆహారం పనికిరాదని ఆ సంస్థ చెబుతుంది. వెయ్యి అన్నది అంతకన్నా కిందికి పోకూడని అడుగు గీత, చేరుకోవాల్సిన లక్ష్యం అనుకోకండి. చాలామందికి ఇప్పుడు తింటున్నదానిలో మూడు నుంచి ఐదు వందల కేలరీలు తగ్గిస్తే సరిపోతుంది.

అవి ఎక్కడ దొరుకుతాయి? రోజుకు మూడు ఇరానీ చాయ్‌లు, రెండేసి ఉస్మానియా బిస్కెట్లు ఉంటే వాటిలోనే చాలావరకు ఉన్నాయి. ఒక టేబుల్ స్పూను నూనె 120 కేలరీలు. రాత్రి పదకొండింటికి వచ్చే బిర్యానీ ఆర్డరు మానేసి ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోవాళ్లతో తినండి, అదీ రైతాతో, ముందు ఒక గిన్నె కూరగాయల ముక్కలతో. బిర్యానీని జీవితంలోంచి తీసేయమని హైదరాబాదీకి చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరం కూడా లేదు. బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా షుగర్, బీపీ అంకెలు మెరుగుపడతాయి. ఎనభై కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు.

వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తే వ్యాయామమో, గుంజీళ్లో చేయండి. తగ్గే బరువులో కండ వాటా తక్కువగా ఉండాలంటే నడక ఒక్కటే చాలదు.

అడుగు 6: తూకంతోపాటు వీటినీ చూసుకోండి

రెండు వారాలకోసారి చాలు. నడుము కొలత, నిద్ర, మలవిసర్జన, నెలసరి, మెట్లెక్కే ఓపిక, పక్కవాళ్ల మీద విసుక్కోవడం. ఈ చివరిది మీకన్నా ఇంట్లోవాళ్లకు బాగా తెలుస్తుంది, అడిగి రాసుకోండి. వీటిలో రెండు మూడు దిగజారుతుంటే తూకం ఎంత బాగా తగ్గుతున్నా డైట్ మార్చాలి.

కళ్లు తిరిగి పడిపోవడం, గుండెదడ, ఆగని వాంతులు, కుడి డొక్కలో తీవ్రమైన నొప్పి, తికమక వస్తే ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. ‘డిటాక్స్ అవుతోంది, ఓర్చుకోండి’ అని గ్రూపులో అడ్మిన్ చెబితే గ్రూపులోంచి బయటికి రండి. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోతే డాక్టరును కలవండి.

అడుగు 7: మనసు ఎటు పోతోందో గమనించండి

కొందరికి డైట్ మెల్లగా మతంలా మారుతుంది. ‘శుభ్రమైన’ తిండి తప్ప తినలేకపోవడం, అమ్మ వండిన పులిహోర చూసి భయపడటం, పెళ్లిళ్లకు వెళ్లడం మానేయడం, ఒక ముక్క డబుల్ కా మీఠా తిన్నందుకు మర్నాడంతా ఉపవాసం ఉండటం. ఆరోగ్యకరమైన తిండి మీద ఇలా మితిమీరిన పట్టుదలకు 1997లో అమెరికా వైద్యుడు స్టీవెన్ బ్రాట్‌మన్ ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడు. రోజంతా కడుపు మాడ్చుకుని రాత్రి ఒక్కసారిగా చేతికందిందల్లా తినేయడం, తర్వాత వేలు పెట్టి కక్కేయడం మరింత తీవ్రమైన దశ. అది వైద్యం అవసరమైన జబ్బు, సిగ్గుపడాల్సిన విషయం కాదు.

ఇంట్లోవాళ్లకు ఒక సూచన. ‘ఇంత బక్కగా అయ్యావేంటే’, ‘నాలుగు ముద్దలు తింటే చచ్చిపోతావా’ లాంటి మాటలు పని చేయవు. బరువు ఊసెత్తకుండా కనిపించినదే చెప్పండి: ‘ఈమధ్య మాతో కూర్చుని తినట్లేదు, నిద్ర కూడా పట్టట్లేదు కదమ్మా. ఒకసారి డాక్టరమ్మతో మాట్లాడదామా?’ ఎదిగే అమ్మాయిల ముందు అత్తయ్యలు, పిన్నులు ఒళ్లు గురించి వేసే జోకులు ఆపడం ఇంకా మంచిది. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

అడుగు 8: ఉపవాసాలు, పండుగలు

ఏకాదశి, కార్తీక సోమవారం, శనివారం ఒక్కపొద్దు, రంజాన్ రోజా, ఇవి బరువు కోసం పుట్టినవి కావు. వాటిని డైట్ లెక్కల్లో కలపకండి. షుగర్ మందులు వాడేవాళ్లు ఉపవాసానికి ముందు డోసు గురించి అడగాలి, అంతే.

అడుగు 9: బయటికి వచ్చే దారి

డైట్ మొదలుపెట్టించేవాళ్లు వందమంది, ఎలా మానాలో చెప్పేవాళ్లు ఒక్కరుండరు. అందుకే తగ్గిన బరువు తిరిగొస్తుంది.

పదార్థాలు మానేసి ఉంటే ఒక్కొక్కటిగా తిరిగి తీసుకోండి. ముందు పెరుగు అనుకోండి, మూడు రోజులు చూడండి. ఇబ్బంది లేకపోతే తర్వాత గోధుమ, ఆ తర్వాత శనగలు. కడుపుబ్బరం తగ్గడానికి ఇచ్చే లో-ఫాడ్‌మ్యాప్ (కడుపులో గ్యాస్ చేసే కొన్ని పిండి పదార్థాలు మానే) ఆహారం కూడా ఇంతే, రెండు నుంచి ఆరు వారాలు మానేసి, తర్వాత ఏది పడదో తేల్చుకుని మిగతావన్నీ తిరిగి తెచ్చుకోవాలి. దాన్నే ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చోవడం ఆ పద్ధతి ఉద్దేశమే కాదు.

అన్నం మళ్లీ మొదలుపెట్టాక మొదటి వారం ఒకటి రెండు కిలోలు పెరుగుతారు. పైన చెప్పిన నీరే అది. చూసి భయపడి మళ్లీ కడుపు మాడ్చుకోకండి. రోజూ తినేదాన్ని వారానికి వంద, నూటయాభై కేలరీల చొప్పున పెంచుకుంటూ రండి, అంటే ఒక చిన్న గిన్నె అన్నమో, ఒక రొట్టో.

ఐదారు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా, జ్యూసులు, నీళ్లతో గడిపినవాళ్లు ఒక్కసారిగా కడుపునిండా భోజనం చేయడం ప్రమాదకరం. పిండి పదార్థం లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో విడుదలైన ఖైదీల్లో వైద్యులు దీన్ని గమనించారు. బక్కపలచగా ఉన్నవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. అంత సుదీర్ఘంగా ఉపవాసం చేసి ఉంటే డాక్టరు దగ్గరే భోజనం మొదలుపెట్టాలి. అక్కడ రక్తపరీక్షలు చూస్తూ, బి1 విటమిన్ ఇస్తూ కొద్దికొద్దిగా పెంచుతారు.

డైటీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు

న్యూట్రిషన్‌లో డిగ్రీ, ఆసుపత్రిలో శిక్షణ ఉన్నవాళ్లను ఎంచుకోండి. కాలనీ సందుల్లో షేకులు అమ్మే సెంటర్‌లో బరువు చూసే అన్నయ్య డైటీషియన్ కాదు. మందుల చీటీ, పాత రక్తపరీక్షలు, గత మూడు రోజులు తిన్నవి రాసిన కాగితం తీసుకెళ్లండి. అందులో ఒకటి సెలవురోజై ఉండాలి. రాత్రి పదింటి తర్వాత తిన్నవి దాచకుండా రాయండి, టీ ఎన్ని, చక్కెర ఎన్ని చెంచాలు అన్నది కూడా. అడిగిన వెంటనే అచ్చు వేసిన చార్టు చేతిలో పెడితే, మీరు ఏం తింటున్నారని అడగకపోతే, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.